పచ్చికలో పఫ్‌బాల్: పై ఫొటో చూసి పేరు పెట్టొద్దు, నిలువుగా కోసి చూడండి

సంపాదకులకు నమస్కారం.

తొలకరి పడి నేల తడిసిందంటే జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. బీడులోనో, బడి మైదానంలోనో గడ్డి మధ్య తెల్లటి గుండు, పక్కన అరచెయ్యి పెట్టి సైజు చూపిస్తున్న మనిషి, కింద ‘వింత పుట్టగొడుగు’ అని ఒక వ్యాఖ్య. ఆ వ్యాఖ్యకు ఒక్కోసారి ఇంకో వాక్యం తోడవుతుంది: దీన్ని పఫ్‌బాల్ అంటారు, తినొచ్చు అని. అది పఫ్‌బాల్ అయితే కావచ్చు. కానీ పైనుంచి తీసిన ఒక్క ఫొటో చూసి ఆ మాట చెప్పడం ఎవరివల్లా కాదు. శిలీంధ్రాల మీదే ఏళ్ల తరబడి పనిచేసినవారు కూడా ముందు అడిగేది ‘కోసి చూశారా?’ అనే. ఆ ప్రశ్న ఎందుకో మీ పాఠకులకు తెలియాలి. వానాకాలంలో ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

మామూలు పుట్టగొడుగుకు గొడుగు, దాని కింద సన్నటి రేకుల్లాంటి మొప్పలు, కాడ ఉంటాయి. మొప్పల మీద పుట్టిన సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లా పనిచేసే సన్నటి రేణువులు, గాలిలోకి రాలతాయి. పఫ్‌బాల్‌కు మొప్పలు లేవు. సిద్ధబీజాలు లోపలి కండలోనే పుట్టి, అక్కడే పండి, పొడిగా మారతాయి. లేతప్పుడు లోపలంతా తెలుపు. ముదిరేకొద్దీ పసుపు, ఆపైన ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, కొన్నిటిలో ముదురు ఊదా. చివరికి తొక్క చిట్లి, కాలు తగిలినా వాన చినుకు పడినా పొడి పైకి లేస్తుంది. ఇలా పండిన దాన్ని గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. చిక్కంతా లేత దశలోనే. ఎందుకంటే ఎన్నో రకాల పుట్టగొడుగులు నేల చీల్చుకుని వచ్చిన మొదటిరోజు తెల్లటి గుండ్లుగానే ఉంటాయి.

నేలలోంచి తీయడంలోనే సగం ఆధారం పోగొట్టుకుంటాం. చాలామంది పైన పట్టి లాగేస్తారు, అడుగు భాగం మట్టిలో ఉండిపోతుంది. అలా కాకుండా చుట్టూ రెండంగుళాల దూరంలో కత్తి మొనతో మట్టి వదులు చేసి, కింది నుంచి ఎత్తాలి. అడుగున సన్నటి తెల్లటి పోగు ఒకటే ఉందా, పోగుల కుచ్చు మట్టిని పట్టుకుని ఉందా, సంచిలాంటి పొర ఏదైనా గుంటలో మిగిలిపోయిందా అన్నది అప్పుడే చూసుకోవాలి. తర్వాత నడినెత్తి నుంచి అడుగు దాకా నిలువుగా రెండు సగాలు చేయాలి. అడ్డంగా కోస్తే మోసపోతాం. లోపల దాగిన కాడ ఒక చిన్న గుండ్రటి మచ్చగా మాత్రమే కనబడుతుంది. కోత కాస్త పైకి పోయిందంటే ఆ మచ్చ కూడా ఉండదు. నడిమికి కాకుండా పక్కకు జరిపి కోసినా ఇదే తంటా. ఒకచోట పది గుండ్లు దొరికితే పదీ కోయాల్సిందే. రెండు మూడు రకాలు పక్కపక్కనే మొలవడం గడ్డినేలలో మామూలు.

కోసిన ముఖాన్ని పగటి వెలుతురులో వెంటనే ఒకసారి, పది నిమిషాలు ఆగి మరోసారి చూడాలి. కోయగానే తెల్లగా ఉండి తర్వాత రంగు తిరిగేవి ఉన్నాయి. నిజమైన లేత పఫ్‌బాల్ లోపల ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పనీరు ముక్కలా ఒకే తెలుపు, ఒకే మెత్తదనం. గీత ఉండదు, నీడ ఉండదు, జిగురు పొర ఉండదు. కొన్ని రకాల్లో అడుగు భాగం మాత్రం కాస్త బిరుసుగా, సన్నటి రంధ్రాలతో వేరుగా కనిపిస్తుంది. సిద్ధబీజాలు పుట్టని భాగం అది. దాన్ని చూసి కాడ అని కంగారు పడనక్కర్లేదు. కాడకైతే నిలువుగా రెండు స్పష్టమైన అంచులుంటాయి, పైన అవి గొడుగు ఆకారంలో కలుస్తాయి.

ఆ గొడుగు, మొప్పలు, కాడ ఆకారాలు లేత నీడగా కనిపించినా సరే, చేతిలో ఉన్నది పఫ్‌బాల్ కాదు. అది అమానిటా అనే పుట్టగొడుగు మొగ్గ కావచ్చు. అమానిటాలు పుట్టేటప్పుడు ఒళ్లంతా ఒక పొర కప్పుకుని గుడ్డు ఆకారంలో ఉంటాయి. వాటిలో డెత్ క్యాప్, డిస్ట్రాయింగ్ ఏంజెల్ అని పిలిచే రకాల్లో అమాటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా అది పోదు. అమానిటాల్లో ఎక్కువ రకాలు చెట్ల వేర్లతో పొత్తు పెట్టుకుని బతుకుతాయి కాబట్టి చెట్టూ చేమా లేని నడి బీడులో వాటి భయం తక్కువని కొందరు ధైర్యం చెబుతారు. ఆ ధైర్యం మంచిది కాదు. గట్టు మీది చెట్టు వేర్లు దాని కొమ్మల నీడను దాటి చాలా దూరం పోతాయి. పైగా చెట్టు తోడు లేకుండా గడ్డిలోనే పెరిగే అమానిటాలూ ఉన్నాయి.

పట్టణాల్లో మనకు ఎక్కువగా ఎదురయ్యేది మరొకటి. పార్కుల్లో, అపార్ట్‌మెంట్ల లాన్‌లలో, పశువుల ఎరువు వేసిన పచ్చికలో వానల తర్వాత గుంపులుగా మొలిచే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. మొగ్గగా ఉన్నప్పుడు తెల్లటి గుండు, నెత్తి మీద గోధుమరంగు పెచ్చు. ఆ తర్వాత కాడ సాగి, గొడుగు విప్పుకుని 10 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పు అవుతుంది. మొప్పలు మొదట తెల్లగా ఉండి, సిద్ధబీజాలు పండాక ఆకుపచ్చకు తిరుగుతాయి. తిన్నవారికి సాధారణంగా ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, కడుపు మెలిపెట్టే నొప్పి, విరేచనాలు మొదలవుతాయి. దీన్ని తేల్చడానికి కత్తితో పాటు ఇంకో సులువైన దారి ఉంది. గుంపులో రెండు మూడింటిని కదపకుండా వదిలేసి, పక్కన పుల్ల గుచ్చి, రెండు రోజులయ్యాక చూడటం. పఫ్‌బాల్ ఎన్ని రోజులున్నా గొడుగు విప్పదు.

కోసినప్పుడు తొక్క కింద జిగురు పొర, దాని లోపల ముదురు ఆకుపచ్చ ముద్ద, నడుమ తెల్లటి కడ్డీ కనిపిస్తే అది స్టింక్‌హార్న్ అనే పుట్టగొడుగు లేత దశలో ఉండే గుడ్డు. మర్నాటికి పగిలి, కుళ్లు వాసనతో ఈగల్ని పిలుస్తుంది. దీన్ని పొరబడేవారు తక్కువ.

ఎర్త్‌బాల్ అలా కాదు. శాస్త్రీయంగా స్క్లెరోడెర్మా అనే ఈ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) తెలిసినవారిని కూడా తికమక పెడుతుంది, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. దీనికీ గొడుగు ఉండదు, మొప్పలు ఉండవు, కోస్తే కాడ కనబడదు. సిద్ధబీజాలు లోపలే పండుతాయి. మరీ లేతగా ఉన్నప్పుడు లోపల తెల్లగా కూడా ఉంటుంది. ‘లోపల తెల్లగా ఉంటే తినొచ్చు’ అనే సూత్రం కూలిపోయేది ఇక్కడే. తేడాలు వేరేచోట చూడాలి. చేతిలో పట్టుకుంటే ఎర్త్‌బాల్ గట్టిగా, సైజుకు మించిన బరువుతో ఉంటుంది. పఫ్‌బాల్‌ను నొక్కితే కాస్త లోపలికి పోతుంది. చాలా రకాల్లో ఎర్త్‌బాల్ తొక్క తోలులా మందం, కోసినచోట తెల్లటి పట్టీగా స్పష్టంగా కనిపిస్తుంది, కొన్ని రకాల్లో ఆ పట్టీ గులాబీ రంగుకు తిరుగుతుంది. పఫ్‌బాల్ తొక్క పలుచన. ఎర్త్‌బాల్ లోపల నడిమి నుంచి ఊదా మచ్చలు మొదలై, సన్నటి తెల్లటి గీతలతో నల్లబడుతుంది. ఇది తొక్క ఇంకా బిగుతుగా, లేతగా కనిపిస్తున్నప్పుడే జరుగుతుంది. పఫ్‌బాల్‌లో పసుపు దశ దాటకుండా ఆ ముదురు రంగు రాదు. అడుగున మట్టిని గట్టిగా పట్టుకున్న పోగుల కుచ్చు ఎర్త్‌బాల్‌కు ఇంకో గుర్తు. ఇది తిన్నవారికి అరగంట నుంచి మూడు గంటల్లోపు వాంతులు, చెమటలు, కడుపునొప్పి వస్తాయి.

ఎర్త్‌బాల్ బతకాలంటే చెట్టు వేరు కావాలి. అందుకని గుండు ఎక్కడ దొరికిందో రాసేటప్పుడు ‘గడ్డిలో’ అని ఆపేయకుండా చుట్టూ 20, 30 మీటర్లలో ఏ చెట్లున్నాయో రాయాలి. మన దగ్గర జామాయిల్ తోటల అంచున, అరకు వైపు పైన్ తోటల్లో మొలిచే గుండ్లను ముందు ఎర్త్‌బాల్ అనే అనుమానించాలి. జామాయిల్ కింద పైసోలిథస్ అనే మరో గుండు కూడా వస్తుంది. కోస్తే లోపల నల్లటి జిగురులో గింజల్లాంటి గదులు కనబడతాయి. బస్తర్ సాల అడవుల్లో వానల మొదట్లో నేల గీకి తీసే ‘బోడ’ గుండ్రంగానే ఉంటుంది, అక్కడివారు ఇష్టంగా తింటారు. ఏ చెట్టు కింద, ఏ వానకు, ఏ ముదురుదనంలో తీయాలో తరాలుగా వారికి తెలుసు. ఆ అలవాటు చూసి ఇక్కడి జామాయిల్ కింది గుండ్లను కూర చేయడం రెండు వేర్వేరు వస్తువుల్ని ఒకటనుకోవడమే.

సరే, పై అనుమానాలన్నీ తీరి అది పఫ్‌బాలేనని తేలింది. ఏ పఫ్‌బాల్? గడ్డినేలల్లో కనిపించే పెద్దవాటిలో ముందు తలుచుకోవాల్సింది కాల్వేషియా సయాతిఫార్మిస్. 5 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు, పైన గుండ్రం, అడుగున సన్నబడే ఆకారం. తొక్క మొదట తెలుపు, తర్వాత లేత గోధుమ, ముదిరాక పలకలుగా బీటలు తీస్తుంది. పొడి ఊదా రంగు. పొడంతా గాలికి పోయాక అడుగు భాగం ఊదా రంగు గిన్నెగా గడ్డిలో నెలల తరబడి మిగులుతుంది. అలాంటి గిన్నెలు కనిపిస్తే అదే చోట కొత్తగా వచ్చిన గుండ్లను గుర్తుపట్టడానికి అంతకు మించిన ఆధారం దొరకదు. ఇది వలయాకారంలో కూడా మొలుస్తుంది, ఆ గీత వెంట గడ్డి ముదురు పచ్చగా ఉంటుంది. అమెరికాలోని కొలరాడో గడ్డి భూముల్లో ఇలాంటి వలయాలను కొలిచి 1917లో ప్రచురించిన అధ్యయనం, వాటిలో కొన్ని వందల ఏళ్ల నాటివని లెక్కగట్టింది. ఒక్క గుండు కనబడితే అక్కడే ఆగిపోకుండా చుట్టూ నడిచి చూడమనేది అందుకే.

పెద్ద గుండు కనబడగానే ‘జెయింట్ పఫ్‌బాల్’ అని రాసేయడం మరో తొందరపాటు. ఆ పేరున్న కాల్వేషియా జైగాంటియా చల్లటి ప్రాంతాల పచ్చికల్లో పెరిగేది. దాని పొడి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, అడుగున గిన్నె మిగలదు. సైజు ఒక్కటే చూసి పేరు పెట్టకూడదు. చిన్నవాటిలో, అంటే 2 నుంచి 5 సెంటీమీటర్ల గుండ్లలో, తొక్క మీద ముళ్లున్నాయా, రాలాక వల లాంటి గుర్తులు మిగిలాయా, పండాక నెత్తిన ఒకే రంధ్రం పడుతుందా చూడాలి. లైకోపెర్డాన్ అనే పఫ్‌బాల్ రకాలకు రంధ్రం ఉంటుంది, కాల్వేషియా తొక్క మాత్రం ముక్కలు ముక్కలుగా ఊడిపోతుంది. బోవిస్టా అనే మరో పఫ్‌బాల్‌లో బయటి తెల్ల తొక్క పెళుసుగా రాలిపోయి, లోపల కాగితంలా పలుచని పొర బయటపడుతుంది. అడుగు భాగం ఉండదు కాబట్టి ఎండాక నేల వదిలి గాలికి దొర్లుతుంది.

ఈ గుర్తులన్నీ దాదాపుగా పండిన దశవే. పొడి రంగు, సిద్ధబీజాల ఆకారం, వాటి మధ్య ఉండే సన్నటి పోగులు లేకుండా జాతి పేరు తేలదు. తెల్లగా ఉన్న లేత గుండులో అవేవీ ఇంకా తయారు కాలేదు. అంటే వండుకోవాలనుకునే దశలో దాని అసలు పేరు తేలదు, పేరు తేలే దశకు అది వంటకు పనికిరాదు. కచ్చితమైన పేరు కావాలనుకునేవారు ఒకే చోట నుంచి లేతది, సగం ముదిరింది, పండింది మూడూ సేకరించాలి. ఒక్కటే ఉంటే దాన్ని తీయకుండా గుర్తుపెట్టుకుని, వారం పది రోజుల తర్వాత మళ్లీ రావాలి. సేకరించినవాటిని పాలిథిన్ సంచిలో వేస్తే చెమర్చి ఒక్క రాత్రిలో కుళ్లిపోతాయి. కాగితపు కవర్లో, ఒక్కో దశ విడివిడిగా పెట్టాలి. నిలవ చేయాలంటే సగాలుగా కోసి 40 నుంచి 50 డిగ్రీల వేడిలో పెళుసుగా అయ్యేదాకా ఆరబెట్టాలి.

మైక్రోస్కోప్ ఉన్న కళాశాలల్లో మిగతా పని కష్టం కాదు. పఫ్‌బాల్ పొడి నీటిలో తడవదు. నేరుగా నీటి చుక్కలో వేస్తే గాలి బుడగలే కనిపించి విద్యార్థులు విసిగిపోతారు. ముందు ఒక చుక్క ఆల్కహాల్‌తో తడిపి, ఆపైన 3 నుంచి 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ గాని, లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే రంగు ద్రావణం గాని వేయాలి. కాల్వేషియా సయాతిఫార్మిస్ సిద్ధబీజాలు గుండ్రంగా, సుమారు 4 నుంచి 7 మైక్రాన్లతో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పొట్టి ముళ్లతో ఉంటాయి. స్క్లెరోడెర్మావి బాగా పెద్దవి, సాధారణంగా 8 మైక్రాన్లకు పైనే, ముళ్లు గాని వల గాని కొట్టొచ్చినట్టు కనబడతాయి. చాలా బోవిస్టా రకాల్లో ఒక్కో బీజానికి పొడవాటి తోక మిగిలి ఉంటుంది. పండిన గుండును గదిలో ఫ్యాన్ కింద కోయొద్దు, ముక్కుకు మాస్కు ఉండాలి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి ఎక్కువగా పోతే జబ్బు చేస్తుంది. 1994లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఈ పొడిని పీల్చి, గుండ్లను నమిలిన 8 మంది యువకులు కొద్ది రోజుల్లోనే దగ్గు, జ్వరం, ఆయాసంతో జబ్బుపడ్డారు, కొందరు ఆస్పత్రిలో చేరారు. పిల్లలు ఎండిన గుండ్లను తన్ని పొగ లేపి ఆడుకుంటుంటే పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకోకూడదు.

ఇక తినే సంగతి. చీమలు, పురుగులు తిన్నది విషం కాదన్న మాట తప్పు. మన కాలేయానికి హాని చేసే విషం పురుగుకు ఏమీ చేయకపోవచ్చు. వండేటప్పుడు వెండి నాణెం నల్లబడలేదు కాబట్టి మంచిదే అనడం, పసుపో చింతపండో వేస్తే విషం విరుగుతుందనడం కూడా తప్పే. అంతా సరిగ్గా తేలిన లేత పఫ్‌బాల్ అయినా సరే, మందులు కొట్టిన చేల గట్ల మీద, రోడ్ల పక్కన, ఫ్యాక్టరీల దగ్గర మొలిచిందైతే ముట్టుకోవద్దు. కొన్ని రకాలు నేలలోని పాదరసం లాంటి లోహాలను ఒంట్లో కూడబెట్టుకుంటాయి. లోపల ఏ మూలైనా పసుపు ఛాయ మొదలైతే వదిలేయాలి, కొందరికి అదే కడుపు పాడు చేస్తుంది. అనుమానం ఒక్కటి మిగిలినా కూరలో వేయకపోవడమే దారి. ఫోన్‌లో ఫొటో పెడితే పేరు చెప్పే యాప్‌లు వెతకడానికి పనికొస్తాయి గాని, తినాలా వద్దా అన్నది వాటి మీద తేల్చకూడదు. తొక్క లోపల ఏముందో కెమెరాకు తెలియదు.

పొరపాటున తిన్నాక ఇబ్బంది మొదలైతే ఎన్ని గంటలకు మొదలైందన్నది అన్నిటికంటే ముఖ్యం. మూడు గంటల్లోపు వాంతులు మొదలైతే అది ఎక్కువసార్లు కడుపుకు సంబంధించిన విషం. అయినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే, ఒకే కూరలో రెండు రకాలు కలిసి ఉండొచ్చు కాబట్టి. ఆరు గంటలు దాటాక మొదలైతే అమాటాక్సిన్ అనే అనుకుని పరుగెత్తాలి. వాంతులు, విరేచనాలు ఒక రోజు పీడించి తగ్గినట్టు కనబడతాయి. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. సరిగ్గా ఆ సమయంలోనే కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు. 108కి ఫోన్ చేయాలి, ఆ కూర తిన్న ప్రతి ఒక్కరినీ, బాగానే ఉన్నవారిని కూడా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. మిగిలిన పచ్చి ముక్కల్ని కాగితంలో చుట్టి, మిగిలిన కూరను డబ్బాలో పెట్టి వెంట పట్టుకెళ్లాలి. తరిగి పారేసిన అడుగు ముక్క చెత్తబుట్టలో దొరికినా అది డాక్టర్లకు అక్కరకొస్తుంది.

మీ విలేకరులకు ఒక మనవి. ఇలాంటి గుండు ఫొటో ఎవరైనా పంపితే ఇంకో మూడు ఫొటోలు అడగండి: మొలిచినచోట చుట్టుపక్కల చెట్లు కనబడేలా ఒకటి, అడుగు భాగం ఒకటి, నిలువుగా కోసిన ముఖం ఒకటి. కొలత కోసం పక్కన పది రూపాయల నాణెం పెట్టమనండి, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. ఆ మూడూ దగ్గర్లోని విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగానికో, హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రానికో చూపించి, వారు ప్రజాతి వరకే చెప్పగలిగితే అంతవరకే అచ్చువేయండి. కోసిన ఫొటో లేకపోతే వ్యాఖ్యలో ‘గుర్తించలేదు, తినకండి’ అని రాయండి. ‘తినొచ్చు’ అన్న మాట మాత్రం ఫొటో కింద ఎప్పుడూ వేయకండి. పత్రికలో చూసి పక్క ఊరివారు తమ బీడులో దొరికినదాన్ని వండుకుంటారు. ఆ రెండూ ఒకటేనని మీకు గాని, మాకు గాని చెప్పగల వీల్లేదు.

ఇట్లు,
శిలీంధ్రశాస్త్రం బోధించే ఒక అధ్యాపకుడు,
హనుమకొండ